కళ్ళు లేని కొండచిలువకు మేత

ఈమధ్య జంతుశాలల్లో కొత్తగా పనిలో చేరిన కీపర్లకు శిక్షణ తరగతి పెట్టి, రిటైరైన వాళ్ళలో నన్నొక్కడినే పిలిచారు. పాముల మేత గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆరో నిమిషంలో టీ వచ్చింది. టీ తర్వాత ఒక పెద్ద అధికారి లేచి, పనివేళల్లో సెల్‌ఫోను వాడకం గురించి ముప్పావుగంట మాట్లాడారు. నా నాలుగు నిమిషాలు నాకు తిరిగి రాలేదు. అడిగితే, ఏర్పాట్లు చూస్తున్న గుమాస్తా, "మీరు చెప్పాల్సింది చెప్పేశారు కదండీ" అన్నాడు. చెప్పలేదు. చెప్పాల్సిందంతా ఆ నాలుగు నిమిషాల్లోనే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో, అడవి అంచున ఉండిన ఒక చిన్న జంతు సంరక్షణ కేంద్రంలో నేను పాముల గదుల కీపరుగా పనిచేశాను. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. జంతువులను వేరే చోట్లకు తరలించి ఆ స్థలంలో మొక్కలు పెంచుతున్నారు. దాని పేరు రాయను. అక్కడి అధికారుల పేర్లూ రాయను. భయపడి కాదు. తమ పేరు అచ్చులో చూసుకునే సంతోషం వాళ్ళకు ఇవ్వడం ఇష్టం లేక.

నాది నగరి. మా ఇంట్లో అందరూ మగ్గం మనుషులు. నేను పాముల పనిలో చేరానని మా నాయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఆయన చనిపోయే ముందు మాత్రం ఊళ్ళో వాళ్ళకు నన్ను "మా పాములోడు" అని చెప్పుకునేవాడట. ఆ మాట నా ముందు ఒక్కసారైనా అనలేదు. అదీ గుర్తుంది.

మూతి మీద చూపు

నాకు పని నేర్పింది మునెయ్య. కీపర్లలో పెద్దవాడు. చదువుకోలేదు గానీ, నేను చూసిన అధికారులందరికంటే పాములు తెలిసినవాడు. చేరిన మొదటి వారంలో నన్ను కొండచిలువ గది అద్దం ముందు కూర్చోబెట్టాడు.

"ఏం కనపడతాండాది?"

"పాము."

"దాని మూతి సూడురా, మూతి."

"పెదిమ మింద గాట్లు మాదిరి ఉండాయి. ఎలకేమన్నా కరిసినాదా మామా?"

మునెయ్య నవ్వలేదు. "అవి గాట్లు గాదు. అవీ కండ్లే. పైనుండేవి లోకాన్ని సూసేదానికి, కిందుండేవి కూడు సూసేదానికి."

ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. చదువుకున్నవాళ్ళ భాషలో చెప్పాలంటే విషయం ఇది. కొండచిలువ పెదవి అంచున వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. మన కొండల్లో వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ పింజరికైతే కంటికీ ముక్కుకూ మధ్య రెండు వైపులా ఒక్కో లోతైన గుంట ఉంటుంది. ఆ గుంటల్లో నరాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. ఎలుక ఒంటి నుంచి వచ్చే వెచ్చదనం వాటికి తగిలితే, ఎలుక ఎటువైపు ఉందో, ఎంత దూరంలో ఉందో పాముకు తెలుస్తుంది. కళ్ళు మూసుకుని పొయ్యి ముందు కూర్చుంటే పొయ్యి ఏ పక్క ఉందో మన చెంపకు తెలిసినట్టే. కాకపోతే మన చెంపకు పొయ్యి కావాలి, దానికి ఎలుక చాలు. ఈ గుంటలు పంపే కబురూ కళ్ళు పంపే కబురూ దాని మెదడులో ఒకే చోట కలుస్తాయి. అందుకే చీకటి కలుగులో కూడా దాని గురి తప్పదు. నాగుపాముకు, కట్లపాముకు, మన పొలాల్లో తిరిగే రక్తపింజరికి ఈ గుంటలు లేవు. అన్ని పాములకూ ఉన్నాయని చెప్పి జనాన్ని భయపెట్టకండి.

నాలుక ఆడించేది వాసన కోసం. వేడి కోసం కాదు. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మా కొండచిలువ గది ముందు 'ఈ పాము నాలుకతో వేడిని గుర్తిస్తుంది' అని ఒక బోర్డు ఉండేది. తప్పు రాశారని ఏడు అర్జీలు పెట్టాను. ఎనిమిదో అర్జీకి కొత్త బోర్డు వచ్చింది. అక్షరాలు పెద్దవి చేశారు. తప్పు అలాగే ఉంచారు.

నా చెయ్యి కోడికంటే వెచ్చనైన రోజు

చేరిన రెండో ఏడు, డిసెంబరు చలిలో ఒక పొద్దున. పెద్ద కొండచిలువకు చంపిన కోడి ఇవ్వాలి. ఐసుపెట్టెలోంచి కోడిని తీసి, వేడినీళ్ళ బక్కెట్లో ముంచి, పట్టకారుతో పాము ముందు ఊపాలి. నేను కోడిని తీయడానికి వేడినీళ్ళలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. చెయ్యి తుడుచుకున్నాను. తర్వాత గది తాళంచెవి కనబడక కాసేపు వెతుక్కున్నాను. ఆ కాసేపట్లో తడిసిన కోడి చలిగాలికి చల్లారిపోయింది. నా చెయ్యి చల్లారలేదు.

లోపలికి పోయి కోడిని ఊపాను. పాము కోడి వైపు చూడను కూడా లేదు. తల పట్టకారు వెంబడే వచ్చి, నా మణికట్టు దగ్గర ఆగింది. నాకు అర్థమయ్యేలోపే మణికట్టు దాని నోట్లో ఉంది, మోచేతికి రెండు చుట్లు పడ్డాయి.

నేను అరిచిన అరుపుకు మునెయ్య వచ్చాడు. "గుంజొద్దురా! గుంజితే దాని పండ్లు నీ కండలోనే ఉండిపోతాయి." తోక పక్క నుంచి ఒక్కొక్క చుట్టే విప్పి, మూతి మీద చల్లనీళ్ళు పోశాడు. పాము వదిలింది. నా చేతికి గుడ్డ చుడుతూ అడిగాడు.

"తప్పు దానిదా, నీదా?"

"దానిదే మామా. ఎదురుగా కోడి ఉంటే నన్ను పట్టుకునింది."

"దానికాడ కోడి యాడుండాది? గదిలో ఏది ఎచ్చగా ఉంటే అదే దానికి కూడు. ఈ పొద్దు నువ్వు కోడి మాదిరి పొయినావు, కోడి కట్టె మాదిరి పొయ్యింది."

అప్పటి అధికారి నాకు 'అజాగ్రత్త' అని మెమో ఇచ్చాడు. పట్టకారు పొట్టిగా ఉంది, పొడుగుది కావాలి అని అంతకుముందే నేను మూడుసార్లు రాసిచ్చి ఉన్నాను. మెమోలో ఆ ఊసే లేదు. ఆ మెమోను, నా మూడు అర్జీల నకళ్ళను కలిపి కుట్టి దాచుకున్నాను. అడిగినవాళ్ళకు ఇప్పటికీ చూపిస్తాను. అయినా మునెయ్య మాట మునెయ్య మాటే. మేత పెట్టే గదిలో అన్నిటికంటే వెచ్చగా ఉండాల్సింది మేత. మీరు కాదు.

ఆ పాఠం నాకు పూర్తిగా వచ్చేసిందనుకున్నాను. సగమే వచ్చింది. మిగతా సగం రావడానికి మునెయ్య రిటైరై వెళ్ళిపోయాక కూడా చాలా ఏళ్ళు పట్టింది.

నెలాఖరు గడువు

ఒక ఏప్రిల్‌లో చిత్తూరు పక్క ఒక మామిడితోట నుంచి గోనెసంచిలో ఒక కొండచిలువ వచ్చింది. వయసులో చిన్నది. పొడవు నా ఎత్తుకంటే తక్కువే. కాయ కోతకు ముందు తోటలో గడ్డి కొట్టించేటప్పుడు మిషను దాని తల పైభాగాన్ని గీసుకుంటూ పోయింది. రెండు కళ్ళూ పోయాయి. పెదవులకు ఏమీ కాలేదు.

మా కేంద్రానికి తిరుపతి నుంచి వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ వచ్చేది. చిన్న వయసు, మంచి చెయ్యి. పుండు ఆమె మాన్పింది. కానీ పాము తినలేదు. కొండచిలువ మామూలుగా నెలల తరబడి తినకుండా ఉండగలదు. ఇది అప్పటికే ఎండిపోయి వచ్చింది. చర్మం కింద వెన్ను తాడులా తేలి కనబడేది.

మే నెల మొదట్లో కేంద్రానికి పెద్ద అయిన క్యూరేటరు నన్నూ డాక్టరమ్మనూ తన గదికి పిలిపించాడు.

"కళ్ళు లేనిదాన్ని ఎన్నాళ్ళు పెట్టుకుంటాం డాక్టర్? గొట్టంతో ఎక్కించండి."

"ఇంత నీరసంలో గొట్టం పెడితే గొంతు చిరగొచ్చు సార్. నాకు ధైర్యం లేదు."

"అయితే నొప్పి లేకుండా మందిచ్చి పంపించేయండి. పైకి నేను రాసుకుంటాను."

నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను. "అది తింటాది సార్."

"చూడలేనిది ఎట్లా తింటుందయ్యా?"

"మూతితో సూస్తాది సార్."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి నవ్వాడు. "మీకు తెలియదేమో. ఈయన బోర్డు మనిషి. బోర్డు మార్చమని నా ప్రాణం తీస్తుంటాడు." తర్వాత నావైపు తిరిగాడు. "సరే, నెలాఖరు దాకా చూస్తాను. నా కళ్ళముందు తినాలి. తినకపోతే ఆ సాయంత్రమే డాక్టరు పని డాక్టరు చేస్తుంది. మళ్ళీ నా టేబులు మీదికి అర్జీ గిర్జీ రాకూడదు."

ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. కానీ నెల దొరికింది. దానికోసం ఇంకో నాలుగు నవ్వులు నవ్వించుకోమన్నా ఒప్పుకునేవాణ్ణి.

గోడను కరిచింది

మా దగ్గర మేత సాయంత్రం నాలుగున్నరకు. చూడవచ్చిన జనం వెళ్ళిపోయే వేళ. ఆ వేళ ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ మార్చలేదు. కొండచిలువ గదికి పడమర గోడ ఎండకు నేరుగా నిలబడి ఉండేది. మే నెలలో మా పక్క ఎండ ఎలా ఉంటుందో ఈ జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఐసుపెట్టెలోని తెల్లఎలుకను వేడినీళ్ళలో పెట్టి, పొడుగు పట్టకారుతో (అర్జీలు పెట్టగా పెట్టగా వచ్చిన పట్టకారే) గుడ్డి కొండచిలువ ముందు ఊపాను. అది తల ఎత్తింది. నాలుక ఆడించింది. ఎలుక వాసన తగిలింది, అది ఖాయం. మెడ వెనక్కి లాగింది. ఒక్క ఊపున దూకింది. గోడ మీదికి.

రెండు రోజులు ఆగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ గోడే. మూతి చిట్లి రక్తం వచ్చింది. అద్దం అవతల నిలబడి చూస్తున్న వాచ్‌మన్ అందరికీ వినబడేలా అన్నాడు: "ఏం సుబ్బన్నా, నీ పాముకు గోడ రుసి మరిగినాదే! రేపటికి రొండు మూటలు సిమెంటు తెప్పించమంటావా?"

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. దెబ్బ వల్ల గుంటలు మొద్దుబారి ఉంటాయని అనుకున్నాను. అలాగైతే ఎలుకను ఇంకా వేడి చేయాలని నిశ్చయించాను. మునెయ్య పాఠం సగమే వచ్చినవాడు చేసే తప్పు ఇది. నీళ్ళు మరగబెట్టి అందులో పెట్టాను. ఎలుక తోలు పగిలింది, వాసన మారిపోయింది. పాము మూతి తిప్పేసుకుని, పడుకోవడానికి పెట్టిన చెక్కపెట్టెలోకి దూరిపోయింది. డాక్టరమ్మ ఆ ఎలుకను చూసి, "సుబ్రమణ్యం గారూ, ఇది మేత కాదండీ, కూర" అంది. నేను వినలేదు. ఇంకో రెండుసార్లు అదే చేశాను. అలా పట్టుదలతో సగం నెల పోగొట్టాను. పాము ఇంకా చిక్కిపోయింది. క్యూరేటరు చెప్పిందే నిజమేమో, గుంటలు కూడా పోయాయేమో అని నాకే అనుమానం మొదలైంది.

పట్టుదల మంచిదే. కానీ ఏ మాట మీద పట్టు పడుతున్నామో మధ్యమధ్యలో సరిచూసుకోవాలి. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా విని ఉండేవాణ్ణి కాదేమో.

కాంతమ్మ పోసిన నీళ్ళు

గదులు కడిగే పని కాంతమ్మది. నా వయసే. రోజూ పొద్దున ఏడింటికల్లా కడిగేసేది. ఒకరోజు బోరు మోటారు కాలిపోయి, బాగుచేసి నీళ్ళు వదిలేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వంటగది కుళాయికి అప్పటికింకా నీళ్ళు ఎక్కక ఆ రోజు నేను ఎలుకను మరగబెట్టలేకపోయాను. కూజాలో మిగిలిన నీళ్ళు కాస్త కాచి గోరువెచ్చగా చేసి తీసుకుపోయాను. చూస్తే కాంతమ్మ పామును చెక్కపెట్టెలో ఉంచి, పెట్టెకు గడియ వేసి, గదిని పైపుతో తడుపుతోంది. నేలే కాదు, పడమర గోడను కూడా.

"ఏం పని కాంతమ్మా ఇది? మేత టైములో నీళ్ళేంది?"

"మోటారు కాలిపోతే నేనేం జేసేది? కడక్కపోతే రేపు నా మింద అర్జీ రాసేది నువ్వే గదన్నా."

"నేల కడుగు, సాలు. గోడకెందుకు పోస్తాండావు?"

"ఒగసారి సెయ్యి పెట్టి సూడు. నా సెయ్యే నిలవడంలా. దానికి కండ్లూ లేవు, యాటికి పోవల్లో తెలవదు. ఈ మంట పక్కన ఎట్ల పడుండాల?"

"నీ పని నువ్వు సూసుకో" అన్నాను. ఇంత చిన్న మాట కాదు నేనన్నది, ఇంకా పెద్దదే అన్నాను. ఆమె పైపు చుట్టుకుని బయటికి పోయి తలుపు దగ్గర నిలబడింది.

పెట్టె గడియ తీశాను. పాము నెమ్మదిగా తడినేల మీదికి వచ్చింది. గోరువెచ్చని ఎలుకను ముందు పెట్టాను. తల ఎత్తింది. ఎలుకను కుడికి జరిపాను. తల కుడికి తిరిగింది. ఎడమకు జరిపాను. ఎడమకు తిరిగింది. పైకి ఎత్తితే తలా ఎత్తింది. మధ్యలో దారం కట్టినట్టు ఎలుక ఎటుపోతే తల అటు. గోడ వైపు ఒక్కసారి కూడా పోలేదు.

నాకు ఒళ్ళు తెలియలేదు. "డాక్టరమ్మా!" అని అరుస్తూ బయటికి పరిగెత్తాను. నా వెనకాల ఇనపతలుపు దభీమని కొట్టుకుంది. ఆ అదురుకు పాము బెదిరి పెట్టెలోకి పోయింది. ఆ రోజు డాక్టరమ్మ వచ్చే రోజు కూడా కాదు.

"తినేదాన్ని బెదరగొడితివి" అంది కాంతమ్మ. "ఇంగ ఇది గూడా నా మిందే రాయి."

ఇంటికి పోయే బస్సులో నాకు పాఠం మిగతా సగం వచ్చింది. పాము వెతికేది వేడిని కాదు. తేడాని. చల్లని గదిలో వెచ్చని ఎలుక దీపంలా వెలుగుతుంది. ఎండకు కాలిన గోడ ముందు అదే ఎలుకను పట్టుకోవడమంటే, తెల్లగోడ ముందు తెల్లగుడ్డ ఊపడమే. అది చాలక గోడ ఎలుకకంటే వేడిగా ఉంటే, దానికి గోడే పెద్ద ఎలుక. కళ్ళున్న పాము ఆ పొరపాటును కళ్ళతో సరిదిద్దుకుంటుంది. దీనికి ఆ రెండో చూపు లేదు. నేను ఎలుకను వేడిచేసే కొద్దీ దాన్ని గోడలో కలిపేస్తూ వచ్చాను. చేయాల్సింది గోడను చల్లార్చడం.

మర్నాడే మేతవేళను పొద్దుటికి మార్చమని రాసిచ్చాను. తెల్లవారుజామున గోడ చల్లగా ఉంటుంది, ఏ నీళ్ళూ అక్కర్లేదు. 'పట్టిక మార్చుటకు వీలు లేదు' అని జవాబు వచ్చింది. బెదిరిన పాము ఆ తర్వాత వారం రోజులు పెట్టెలోంచి బయటికే రాలేదు. నెలాఖరు వచ్చేసింది.

గోనెపట్టలు

ఆ రోజు మధ్యాహ్నం నుంచే నేనూ కాంతమ్మా పనిలో పడ్డాం. పడమర గోడ పొడవునా గోనెపట్టలు వేలాడదీసి తడిపాం. నేల తడిపాం. క్యూరేటరు నాలుగున్నరకు వస్తానన్నాడు. డాక్టరమ్మ వచ్చి తలుపు పక్కన నిలబడింది. చేతిలో చిన్న మందుల పెట్టె ఉంది. ఆమె నావైపు చూడలేదు, నేనూ పెట్టె వైపు చూడలేదు.

నాలుగున్నర అయింది. ఐదయింది. క్యూరేటరు జాడ లేదు. గోనెపట్టలు ఆరిపోతూ వచ్చాయి. కాంతమ్మ మళ్ళీ తడిపింది. మళ్ళీ ఆరాయి. మళ్ళీ తడిపింది.

ఐదుంపావుకు ఆయన ఎవరో అతిథిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమిటయ్యా ఈ సర్కస్సు? పాముకు ఏసీ పెట్టించావా?"

"గోడ సల్లగా ఉంటే ఎలక కనపడతాది సార్."

"కళ్ళు లేవు మొర్రో అంటే కనపడతాదంటాడు" అని అతిథితో అన్నాడు. అతిథి మర్యాదకు నవ్వాడు.

చెక్కపెట్టె తెరిచాను. పాము వెంటనే రాలేదు. క్యూరేటరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మూడోసారి చూసుకునే లోపల మూతి బయటికి వచ్చింది, తర్వాత మెడ. నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీశాను. ఎలుకను తడినేల మీద అటూ ఇటూ జరిపాను. తల దాని వెంబడే తిరిగింది. ఈసారి నేను అరవలేదు, కదల్లేదు. మెడ వెనక్కి లాగింది.

దూకడం నాకు కనబడలేదు. పట్టకారు బరువెక్కింది, అంతే. చూస్తే ఎలుక చుట్టూ మూడు చుట్లు పడి ఉన్నాయి.

అది ఎలుక తల వెతుక్కుని, దవడ సాగదీసి, మింగడం మొదలుపెట్టింది. నా వెనక కాంతమ్మ సన్నగా అంటోంది: "మింగు తల్లీ. మింగు."

చివరికి తోక కూడా లోపలికి పోయాక క్యూరేటరు గొంతు సవరించుకున్నాడు. "బాగా ఆకలేసినట్టుంది" అన్నాడు. అంతే అన్నాడు. అతిథిని తీసుకుని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ మెట్టు మీద కూర్చుని మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. "సుబ్రమణ్యం గారూ, ఈ పెట్టె తెరిచే పని రాకూడదని పొద్దున్నించి మొక్కుకుంటున్నానండీ" అంది.

ఆ పాము తర్వాత మా దగ్గర ఏళ్ళ తరబడి బతికింది, పెరిగింది. కేంద్రం మూసినప్పుడు దాన్ని ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చింది. నా ఉద్యోగంలో నేను గర్వపడే పనులు చాలా ఉన్నాయి, వాటన్నిటి పైన ఇది. గోడ గురించి ఆ తర్వాత ఒక్కరూ జోకు వేయలేదు. వేస్తే చెప్పడానికి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. అవి అలాగే మిగిలిపోయాయి.

కొన్నేళ్ళకు ఒక పరిశోధక విద్యార్థి వేడిని బొమ్మగా చూపించే కెమెరా తెచ్చాడు. మే నెల సాయంత్రం ఆ గదిని అందులో చూశాను. గోడంతా మెరుస్తోంది, దాని ముందు ఎలుక ఎక్కడుందో నాకే దొరకలేదు. గోడ తడిపి చూపించాడు. నల్లని గోడ ముందు ఎలుక ఒక్కటే తెల్లగా వెలిగింది. ఆ పిల్లవాడికి ఇది కొత్త. నాకు కాదు.

మేత పుస్తకంలో ఒక వరస

ఇప్పుడు శిక్షణ తరగతిలో నేను చెప్పాలనుకున్న చివరి నిమిషం.

పాము తిన్న సాయంత్రమే మేత రిజిస్టరులో నేను ఇలా రాశాను: 'గోడ, నేల తడిపి మేత ఇచ్చు పద్ధతి కీపరు సుబ్రమణ్యం కనిపెట్టినది.' తొందరపడి రాశాను. నేను రాయకపోతే క్యూరేటరు తన పేరు రాసుకుంటాడని నాకు తెలుసు. అలాగే జరిగింది. పైకి పంపిన నివేదికలో 'అధికారుల సూచనల మేరకు మేత విధానంలో మార్పు చేయబడినది' అని రాశాడు. నేను దాని మీద అర్జీ పెట్టాను. రిజిస్టరు పుట నకలు జతచేశాను. డాక్టరమ్మ సాక్ష్యం రాసిచ్చింది. పట్టకారు సంగతి పక్కన పెడితే, నా జీవితంలో గెలిచిన అర్జీ అదొక్కటే. నివేదిక సవరించి, పద్ధతి నాదేనని రాసి పంపారు. ఆ కాగితానికి అద్దం కట్టించాను.

గోడ మీద మొదట నీళ్ళు పోసింది నేను కాదు. పోస్తుంటే తిట్టినవాణ్ణి నేను. నా పేరు ఎవరెవరు ఎక్కడెక్కడ కొట్టేశారో తేదీలతో సహా చెప్పగలను. నేను కొట్టేసిన పేరు మాత్రం రిటైరయ్యాక గానీ గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చాక ఊరుకోలేదు. ఆ వరస సవరించమని అర్జీ పెట్టాను. 'పాత రిజిస్టర్లలో మార్పులు చేయుట కుదరదు' అని జవాబు వచ్చింది. ఇంకోటి పెట్టాను. దానికి జవాబు రాలేదు.

పోయిన నెల పాకాలలో కూతురింట్లో ఉంటున్న కాంతమ్మ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. సంగతంతా చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"ఇన్నేండ్లకు గెవనం వచ్చినాదా అన్నా? నువ్వు ఆ పుస్తకంలో ఏం రాసినావో నాకు ఆ పొద్దే తెలుసు. డాక్టరమ్మ సదివి సెప్పింది."

"తెలిసి ఎందుకు అడగలేదు కాంతమ్మా?"

"అడిగింటే ఇచ్చేవోడివా? నీ పేరు కోసరం నువ్వే అంత కొట్లాడతాంటివి. మద్దెలో నేనొకదాన్నా?"

కాసేపు నేనూ పిక్కలు తీశాను. తర్వాత, కొత్త కీపర్లు చదివేలా ఇదంతా రాస్తున్నానని, అందులో ఆమె పేరు రాస్తానని చెప్పాను. అప్పుడు తల ఎత్తింది.

"ఉత్త కాంతమ్మ అని రాస్తే నేనొప్పుకోను. ఊరికొక కాంతమ్మ ఉండాది. ఇంటిపేరుతో రాయి."

"రాస్తా."

"ఇంగోటి. కడాకు అది తిన్నపొద్దు పైపుతో పోసినట్టు రాయద్దు. ఆ పొద్దు మళ్ళా మోటారు లేదు. మీ సారు రాక రాక వచ్చేదాకా, గదుల ఎనకుండే బాయిలోంచి సేది, బక్కెట్లతో మోసినా. నువ్వు పట్టకారు పట్టుకోని నిలబడుంటివి. నా నడుం ఈ పొద్దుటికీ నొస్తాండాది."

అది నాకు గుర్తు లేదు. ఆమెకు ఉంది. కాబట్టి కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఇది ఇలా నేర్చుకోవాలి: ఎండాకాలం సాయంత్రం కొండచిలువకు మేత పెట్టే ముందు గోడను చల్లార్చాలి. ఈ పద్ధతి కనిపెట్టింది గుండ్లూరి కాంతమ్మ, గదులు కడిగిన ఉద్యోగి.

బక్కెట్లతోనే అని రాశాను, కాంతమ్మా.